పందెమునకు ముందు బలాబలముల విచారణ

పందెపు కారులలో ఏది గెలుచునో ముందుగ చెప్పవచ్చునా యని పిల్లలు మమ్ము అడుగుచుందురు. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదులో హుస్సేనుసాగరతీరమున జరిగిన ఫార్ములా ఈ పందెమును బట్టి దీనిని వివరింతుము.

ఈ కారుల చక్రములకు కప్పులుండవు. ఇవి విద్యుచ్ఛక్తిచే నడచును. నాడు 22 కారులు పోటీకి వచ్చెను. ఆ యేటి తొలి మూడు పందెములలో జేక్ డెన్నిస్ మెక్సికోలో ఒకటియు, పాస్కల్ వెర్లైన్ దిరియాలో రెండును గెలిచియుండిరి. మిచ్ ఎవాన్స్ అర్హతపరీక్షలో ప్రథముడై అందఱికంటె ముందు నిలిచెను. పలువురి దృష్టి వీరిపైననే యుండెను.

అయినను వేగమొక్కటియే బలము కాదు. బ్యాటరీలోని శక్తి పరిమితము. వేగము తగ్గించునపుడు మోటారే విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి మరల నిచ్చును. ఎచ్చట త్వరపడవలెనో, ఎచ్చట పొదుపు చేయవలెనో యెఱిగినవాడే సమర్థుడు. మన కోస్గి రైతు ఎడ్ల బలమును చివరి మిట్టకై దాచుకొనుట యిట్టిదే.

తుదకు తన జట్టువాని కారే తగిలి ఎవాన్స్ తొలగిపోయెను. వెర్లైన్ నాలుగవవాడయ్యెను. గెలిచినవాడు జాన్ ఎరిక్ వెర్న్. ఇతడు మునుపు రెండు మారులు ఫార్ములా ఈ బిరుదును గెలిచినవాడైనను, ఆ యేట అంతవరకు ఒక్క పందెమును గెలువలేదు. వెనుక తఱుముచున్న నిక్ కాసిడీకంటె తనకు తక్కువ శక్తి మిగిలియున్నను, చివరి చుట్లలో దారి యీయక నిలిచెను. ఆ యేటి బిరుదు మాత్రము డెన్నిసుకే దక్కెను.

కావున గతఫలితములను, ఆరంభస్థానమును, పొదుపును, అనుభవమును కలిపి తూచవలెను. తూచియు తీర్పును తొందరపడి చెప్పరాదు. నిరుటి మార్కులను మాత్రమే చూచి బిడ్డల నెంచు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులమగు మేమును దీనిని మఱువరాదు.