ముక్తేశ్వరం ఒత్తు తెగిన తెర

విడుదలకి ఇంకా కొన్ని వారాలుందనగా ఒక లినక్స్ బీటాని మా అమలాపురం ఇంట్లో పాత కంప్యూటరులో వేసుకున్నాను. తెర మీద బొమ్మలు గీసే భాగాన్ని కొత్తగా రాశామనీ, వాడి చూసి తప్పులు చెప్పమనీ దాని తయారీదారులు అడిగారు. విండోలు చకచకా తెరుచుకుంటున్నాయి, వీడియో ఎక్కడా ఆగలేదు. బాగానే ఉందనుకుంటూ, కార్తీకంలో తీసిన ఫోటోలని ఒక ఫోల్డరులో పెట్టి "ముక్తేశ్వరం" అని పేరిచ్చాను. ఆ ఫోల్డరు తెరిచేసరికి విండో పైపట్టీలో "ముకేశరం" అని కనిపించింది.

పేరు చెడలేదు. లోపల అక్షరాలన్నీ ఉన్నాయి. పట్టీ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేటట్టు కోశారు కాబట్టి, కింద వేలాడే తకారపు ఒత్తూ వకారపు ఒత్తూ అంచు దగ్గర తెగిపోయాయి, అంతే. అనుమానం వచ్చి మరో రెండు ఊళ్ళ పేర్లు పెట్టి చూశాను. ర్యాలి కాస్తా "రాలి" అయింది. ఆత్రేయపురంలో క్రారవడి పోయి "ఆతేయపురం" మిగిలింది. ఇంగ్లీషు మాత్రమే టైపు చేసేవాళ్ళు ఈ బీటాని ఏడాది పాటు వాడినా ఈ తప్పు వాళ్ళ కంట పడదు. పడే వీలే లేదు. ఇంగ్లీషులో అక్షరం కింద అక్షరం ఉండదు.

ఆ పట్టీ గీసే సాఫ్ట్‌వేర్ వంశం చాలా పాతది. దాని మూలపురుషుడి పేరు ఒకే ఒక్క అక్షరం: ఎక్స్.

1984లో అమెరికాలోని ఎంఐటి విశ్వవిద్యాలయంలో ఎథీనా ప్రాజెక్టు నడుస్తోంది. ఐబీఎం, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అండగా విద్యార్థులందరికీ కంప్యూటర్లు అందించాలన్నది దాని సంకల్పం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో రకం. ఒకదాని మీద బొమ్మలు గీసే ప్రోగ్రాము మరోదాని మీద నడవదు. అక్కడ పనిచేస్తున్న బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ కలిసి దీనికో దారి వెతికారు. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన డబ్ల్యూ అనే విండో వ్యవస్థ వాళ్ళ చేతికందింది. షైఫ్లర్ దాన్ని తీసుకుని, ప్రోగ్రాము ఒక్కో మాటకీ జవాబు కోసం కాచుకుని కూర్చోనక్కర్లేకుండా మార్చి రాశాడు. డబ్ల్యూ తరవాతి అక్షరం ఎక్స్ కాబట్టి ఆ పేరే పెట్టాడు. అది 1984 జూన్.

ఎక్స్ పని తీరు తెలియాలంటే మన తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకుంటే చాలు. కాకినాడ పక్క మాధవపట్నం కళాకారులు తెల్లగుడ్డ వెనక దీపం పెట్టి, బొమ్మని గుడ్డకి అదిమి ఆడిస్తారు. ఎక్స్‌లో ఆ తెర దగ్గర ఒకే ఒక మనిషి ఉంటాడు. ఆయన్ని సర్వర్ అంటారు. తెర, మౌసు, కీబోర్డు మూడూ ఆయన చేతిలోనే. మిగతా ప్రోగ్రాములేవీ తెరని ముట్టుకోవు. దూరాన నిలబడి "ఇక్కడో గీత గియ్యి, అక్కడో పేరు రాయి" అని కేకేస్తాయి. ఆ కేక పక్క గదిలోంచి రావచ్చు, నెట్‌వర్కు మీదుగా పక్క ఊరినుంచీ రావచ్చు. ఒక విండో పక్కకి జరిగి, దాని వెనక ఉన్నది బయటపడితే, "నీ బొమ్మలో ఈ ముక్క ఖాళీగా ఉంది, మళ్ళీ చెప్పు" అని సర్వరే ప్రోగ్రాముని అడుగుతాడు. ఆ రోజుల్లో మెమరీ చిప్పులు ఖరీదైనవి. విండో బొమ్మలన్నీ దాచిపెట్టుకునే చోటు యంత్రాల్లో లేదు కాబట్టి ఈ అడిగి గీయించుకునే పద్ధతి అప్పటికి గొప్ప తెలివి.

పాఠాలు నేర్చుకున్న కొద్దీ ఎక్స్ ప్రతి కొన్ని నెలలకీ మారింది. 1985 ఆఖరుకే పదో రూపం వచ్చేసింది. కానీ అది ఇంకా కొన్ని యంత్రాలకే అతుక్కుని ఉంది. అన్నిటి మీదా నడిచేది కావాలంటే మొదటినుంచీ మళ్ళీ గీసుకోవాలి. 1986 మే నెలలో ఆ పని మొదలైంది. ఆగస్టుకి నియమావళి తేలింది. 1987 ఫిబ్రవరిలో ఆల్ఫా పరీక్ష, మే నెలలో బీటా పరీక్ష, సెప్టెంబరు 15న ఎక్స్11 విడుదల. ఈ అయిదు తేదీలూ నాకు చాలా ఇష్టం. వాటి మధ్య జరిగింది అప్పటికి కొత్త సంగతి. నియమావళి ముసాయిదాని కంపెనీ బీరువాలో దాచలేదు. అప్పుడప్పుడే ఎదుగుతున్న నెట్‌వర్కులో అందరి ముందూ పరిచారు. ఎక్కడెక్కడి వాళ్ళో చదివి, వాదించి, తప్పులు పట్టారు. పోటీ కంపెనీల ఇంజనీర్లు ఒకే కోడ్ మీద చేతులు వేశారు. దేశాలు దాటి, జీతం ఇచ్చే యజమానిని దాటి ఇంత పెద్ద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అల్లుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి. ఆ పరీక్ష ఎంత గట్టిదంటే, ఆ నియమావళి సంఖ్య ఇప్పటికీ పదకొండు దాటలేదు.

అయితే, పరీక్షించినవాళ్ళ చేతిలో ఉన్న అక్షరాలకే ఆ గట్టితనం పరిమితం. ఎక్స్11లో రాత ఎలా ఉండేదంటే, ప్రోగ్రాము వరసగా సంఖ్యలు పంపుతుంది. సర్వర్ ఒక్కో సంఖ్యకి ఒక్కో చుక్కలబొమ్మ తీసి, ఎడమనుంచి కుడికి పక్కపక్కన పేరుస్తాడు. ఒక సంఖ్య, ఒక బొమ్మ. ఇంగ్లీషుకి ఇంతకన్నా అక్కర్లేదు.

ఇప్పుడు అంతర్వేది దేవుడి పేరు రాద్దాం: లక్ష్మీనరసింహస్వామి. అందులో "క్ష్మీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు లోపల ఆరు సంఖ్యలు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం. ఆరూ కలిసి ఒక్క ఆకారం కావాలి. కకి షకారం అతుక్కోవాలి, మకారం ఒత్తుగా మారి దిగువకి పోవాలి, అన్నిటికన్నా ఆఖర్న వచ్చిన దీర్ఘం ఎగిరి నెత్తిన కూర్చోవాలి. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుపోయే సర్వర్‌కి ఈ విద్య రాదు. 1987 నాటి పరీక్షల్లో దీన్ని పట్టుకునే దారీ లేదు. లిపులకి సంఖ్యలు కేటాయించే యూనికోడే అప్పటికి పుట్టలేదు. 1991లో వచ్చిన దాని మొదటి సంచికలోనే తెలుగుకి 128 గదుల వరస దక్కింది. సంఖ్యలైతే దక్కాయిగానీ వాటిని ఆకారాలుగా మలిచే పని ఇంకా మిగిలే ఉంది.

2001లో విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. ముక్తేశ్వరం రేవులో పంటు దాటే పాయ పేరే. ఆ పేరు చూస్తే నాకు ఇప్పటికీ మనసు పొంగుతుంది. లినక్స్ ఉన్న యూనిక్స్ కుటుంబంలో మాత్రం తెలుగు మరో దారిన వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా పంచారు. లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ లోహిత్ ఫాంట్లని వదిలింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్ మెనూలని తెలుగు చేసే పనికి దిగారు. ఫాంటులో అక్షరాల అచ్చులు ఉంటాయి. ఏ అచ్చు ఎప్పుడు, ఎక్కడ వెయ్యాలో నిర్ణయించే పనివాడు వేరే కావాలి. ఆ పని మొదట పాంగో, తరవాత హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌లు అందుకున్నాయి. ఇవి సర్వర్ దగ్గర కాదు, ప్రోగ్రాము పక్కనే కూర్చుంటాయి. 2000 నాటికి కీత్ ప్యాకర్డ్ ఎక్స్‌కి రెండర్ అనే కొత్త అనుబంధం చేర్చాడు. దాంతో ప్రోగ్రాములు అక్షరాన్ని తామే మలుచుకుని, నున్నటి అంచులతో తయారైన బొమ్మనే సర్వర్‌కి అందించడం మొదలుపెట్టాయి.

ఎక్స్ జీవితంలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. తెలుగు, తమిళం, అరబ్బీ లాంటి లిపుల భారం మోయడానికి గీసే పని సర్వర్ చేతిలోంచి ప్రోగ్రాముల చేతికి జారింది. నున్నటి ఇంగ్లీషు అక్షరాల కోసం కూడా అదే జరిగిందనుకోండి. తెర దగ్గర నిలబడ్డ పెద్దాయనకి ఇక గీతలు గీసే పని లేదు. తయారైన బొమ్మలు అందుకుని అతికించడమే.

ఈలోగా ఆయన ఒంట్లో పాత జబ్బులూ బయటపడ్డాయి. ఎక్స్ ఫాంటు ఫైళ్ళు చదివే కోడ్‌లో 1991లో దూరిన ఒక లోపం 2014 జనవరి దాకా దాక్కుంది. లోపల మరీ పొడుగైన పేరు రాసి ఉన్న ఫైలు ఇస్తే సర్వర్ కూలిపోయేది, దాన్ని ఆసరా చేసుకుని యంత్రంలోకి దూరే ప్రమాదమూ ఉంది. కోడ్‌ని జల్లెడ పట్టే ఒక పరికరం చివరికి దాన్ని పట్టుకుంది. ఇరవై రెండేళ్ళకి పైగా వేలమంది వాడినా అలాంటి ఫైలు ఎవరూ ఇచ్చి చూడలేదు, లేదా చూసి చెప్పలేదు. ఇంకొక బలహీనత పుట్టుకతోనే ఉంది: ఎక్స్ తెర మీద నడిచే ఏ ప్రోగ్రామైనా పక్క ప్రోగ్రాములో మీరు కొట్టే మీటలని గమనించగలదు. ఒకే కళాశాలలో ఒకరినొకరు నమ్ముకున్న కాలం నాటి ఏర్పాటు అది. బ్యాంకు పాస్‌వర్డు కొట్టే కాలానికి సరిపోదు.

2008లో రెడ్‌హ్యాట్‌లో పనిచేస్తున్న క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మసాచుసెట్స్‌లో వేలాండ్ అనే ఊరిగుండా వెళ్తుండగా కొత్త వ్యవస్థ రూపం బుర్రలో స్థిరపడిందట. ఆ ఊరి పేరే దానికి పెట్టాడు. వేలాండ్‌లో ఒక్కో ప్రోగ్రాము తన బొమ్మని తానే పూర్తిగా కోసి, రంగులద్ది తెస్తుంది. తెర దగ్గరున్న మనిషి ఏది ముందు ఏది వెనక అని చూసి, గుడ్డకి అదుముతాడు. అతన్ని కంపోజిటర్ అంటారు. సగం గీసిన బొమ్మ తెరకెక్కదు. మన తెరలు సాధారణంగా సెకనుకి 60 సార్లు మారతాయి, అంటే ఒక్కో మార్పుకి దాదాపు 17 మిల్లీసెకన్లు. ఆ గడువులో పాత బొమ్మ పైసగం, కొత్త బొమ్మ కిందిసగం కలిసి కనిపించే చీలిక ఎక్స్‌లో చాలామందికి అనుభవమే. వేలాండ్ రూపకర్తల పంతం అంతా ఆ చీలిక లేకుండా చేయడం మీదే. ఒకరి మీటలు ఒకరు వినడం కూడా పోయింది.

వేలాండ్ మొదటి పూర్తి రూపం 2012లో వచ్చింది. 2016 నవంబరులో ఫెడోరా అనే లినక్స్ తన 25వ సంచికలో దాన్ని ముందు వరసలో పెట్టింది. మరో లినక్స్ ఉబుంటు 2017 అక్టోబరులో వేలాండ్‌కి మారి, ఆరు నెలలకి మళ్ళీ ఎక్స్‌కి వెనక్కి వెళ్ళి, 2021లో తిరిగి వచ్చింది. ఈ వెనకడుగుని నేను తప్పు పట్టను. తెర పంచుకోవడం, దూరంనుంచి కంప్యూటరు వాడడం లాంటివి ఎక్స్‌లో ఉచితంగా దొరికేవి. వేలాండ్‌లో వాటన్నిటికీ విడిగా దారి వేయాల్సి వచ్చింది. మనలాంటివాళ్ళకి అంతకన్నా ముఖ్యమైంది టైపు చేసే పద్ధతి. "కె" కొట్టి కకారం తెచ్చుకునే మనకి, మీటకీ అక్షరానికీ మధ్య ఒక దుబాసీ కూర్చోవాలి. మీటలని ఎవరికీ విననివ్వని కొత్త ఇంట్లో ఆ దుబాసీకి ప్రత్యేకంగా అనుమతి, ప్రత్యేకంగా భాష రాయాలి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ లాంటి పద్ధతుల్లో రాసేవాళ్ళు పరీక్షిస్తేనే అక్కడి లొసుగులు తెలుస్తాయి.

తెలుగు అక్షరం ఎంత పని చేయగలదో ప్రపంచం 2018 ఫిబ్రవరిలో చూసింది. ఆపిల్ ఫోన్లూ మాక్‌లూ నడిచేది యూనిక్స్ వంశపు వ్యవస్థ మీదే. వాటికి ఒక సందేశంలో "జ్ఞా" పంపితే ఆ యాప్ కూలిపోయింది. హోమ్ తెర మీద నోటిఫికేషన్‌గా వస్తే ఆ తెరే కూలింది. మామూలుగా రాసిన జ్ఞా కాదది. మామూలు జ్ఞాతో "విజ్ఞానం", "జ్ఞాపకం" అని రోజూ రాసుకుంటూనే ఉన్నాం. ఆ సందేశంలో ఞకారానికీ దీర్ఘానికీ మధ్య ఒక కనపడని గుర్తు ఉంది. ఒత్తు పడకుండా ఆపడానికి యూనికోడ్ ఇచ్చిన గుర్తు అది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో టకారం కింద వకారం చేరకుండా పట్టుకునేది అదే. అది ఉండకూడని చోట ఉండేసరికి అక్షరాన్ని మలిచే కోడ్ దారి తప్పింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఫోన్లకి 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అప్పటికే బీటాలో తిరుగుతున్న 11.3లో ఆ దోషం లేదు. ఒక్క అక్షరానికి ఖరీదైన ఫోన్లు కూలాయని అందరూ వింతగా చెప్పుకున్నారు. నాకు మాత్రం బాధనిపించింది. ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాష లిపిని మలిచే కోడ్‌లో, అక్షరాల కలయికలన్నీ ఎవరైనా ఒకసారి వరసగా పోసి చూసి ఉంటే ఆ తప్పు ఫోన్ల దాకా వచ్చేది కాదు.

అందుకే నేనొక ఫైలు దాచుకున్నాను. అందులో కోనసీమ ఊళ్ళ పేర్లుంటాయి: అంతర్వేది, అప్పనపల్లి, ముక్తేశ్వరం, ముమ్మిడివరం, ర్యాలి, ఆత్రేయపురం, కొత్తపేట. వాటి కింద లక్ష్మీనరసింహస్వామి, రాష్ట్రం, స్వాతంత్ర్యం. ఏ బీటా వచ్చినా ముందు ఇవి పైపట్టీలో, మెనూలో, బటన్ల మీద, సందేశాల డబ్బాలో వేసి చూస్తాను. అక్షరం పెద్దది చేసి ఒకసారి, చిన్నది చేసి ఒకసారి. వేలాండ్‌లో ఒకసారి, ఎక్స్‌లో ఒకసారి. దాంతో తప్పు తెర దగ్గరి మనిషిదా, ప్రోగ్రాముదా, ఫాంటుదా అన్నది సగం తేలిపోతుంది. తప్పు కనిపిస్తే ఫోటో ఒక్కటే పంపితే చాలదు. అవతలివాళ్ళకి తెలుగు రాదు కాబట్టి సరైన ఆకారం పక్కన పెట్టాలి, ఫాంటు పేరూ సంచికా చెప్పాలి, ఆ మాటని కాపీ చేసుకోవడానికి వీలుగా అక్షరాల్లోనే ఇవ్వాలి.

ముక్తేశ్వరం గురించి అలాగే రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఒత్తు ఎంత లోతుకి దిగగలదని అడిగారు. మంచి ప్రశ్న. నిజానికి ఆ కొలత ఫాంటులోనే ఉంటుంది, పట్టీ గీసే కోడ్ దాన్ని అడగాలి. ఒక ఒత్తు కింద మరో ఒత్తు కూడా రావచ్చని చెప్పి, రాష్ట్రం బొమ్మ పంపాను. తరవాతి బీటాలో పట్టీ ఎత్తు పెరిగింది. ముక్తేశ్వరం నిండుగా, తకారం వకారంతో సహా వచ్చింది. ర్యాలి ర్యాలిగానే ఉంది. రాష్ట్రంలో టకారపు ఒత్తు నిలిచిందిగానీ, దాని క్రారవడి తోక ఇంకా ఒక గీత మందం తెగుతోంది. ఆ బొమ్మ పెద్దది చేసి, తెగిన చోట ఎర్రగీత గీసి, నిన్న రాత్రే మళ్ళీ పంపాను.