నల్లకోడి గుడ్డు నల్లగా ఎందుకుండదు?

కడక్‌నాథ్ కోడి నల్లగుడ్డు పెడుతుందా అని భద్రాచలం నుంచి ఒక పాఠకుడు అడిగారు. పెట్టదు. ఝాబువా పేరిట 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మధ్యప్రదేశ్ కోడికి చర్మం, మాంసం, ఎముకల దాకా నలుపే. గుడ్డు మాత్రం లేత గోధుమ రంగు. ఒంటి నలుపు మెలనిన్‌ది. గుడ్డు రంగుకి దానితో పొత్తే లేదు.

గుడ్డు తయారై బయటపడటానికి దాదాపు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటలు గర్భాశయంలో పెంకు కట్టడానికే. ఆ పెంకు ముందు తెల్లగానే కడుతుంది. రంగు చాలావరకు పడేది చివరి కొద్ది గంటల్లో! ఆ రంగు ప్రోటోపార్ఫిరిన్. దీనికి ఇనుము చేరితే నెత్తుటికి ఎరుపునిచ్చే హీమ్ అవుతుంది. అందుకే చితికిన ఎర్రకణాల నుంచి ఈ రంగు దిగుతుందని చాలాకాలం నమ్మారు. పొరపాటు. గర్భాశయం లోపొర కణాలే దాన్ని అక్కడికక్కడ తయారు చేసుకుంటాయి. చెవితమ్మె తెల్లగా ఉంటే తెల్లగుడ్డే అన్న లెక్కా నిలవదు: స్పెయిన్‌లోని పెనెదెసెంకా తెల్ల తమ్మెలతోనే చాక్లెట్ రంగు గుడ్డు పెడుతుంది.

నాటుగుడ్డు పగలగొట్టి పెంకు లోపలివైపు చూడండి, పాలిపోయి ఉంటుంది; రంగు చివర్లో పైపైనే పడింది కదా. ఫ్రాన్స్ మరాన్స్ కోడి అప్పుడే పెట్టిన ముదురు గుడ్డుని తడివేలితో రుద్దితే రంగు చెదురుతుంది. కుక్కో ముంగిసో తరిమి పెట్ట బెదిరి ముందే పెట్టేస్తే గుడ్డు వెలవెలబోతుంది. బిగబట్టి ఆలస్యంగా పెడితే పైన సున్నపు పొడి పేరుకుంటుంది. మరాన్స్ పెట్టకైనా పెట్టగా పెట్టగా రంగు తేలిపోతుంది, మొదటి గుడ్లే ముదురు.

మరి మన అడవి అంచున? చింతూరు, కూనవరం వైపు కోయ ఇళ్ల ముందు తిరిగేది అసీల్, పందెం జాతి. డేగ, కాకి, నెమలి అంటూ ఈకల రంగుని బట్టి ఎంపికంతా పుంజు మీదే. పెట్ట ఏడాదికి పెట్టేది కొద్ది గుడ్లే, అవీ లేత గోధుమవి. మరాన్స్‌కి ఆ ముదురు రంగు తరతరాలుగా ముదురు గుడ్లనే ఎంచి పొదిగించడం వల్ల వచ్చింది. గుడ్డు రంగు వంశంలో దిగేదే కాబట్టి అసీల్ పెట్టల్లోనూ ఈ ఎంపిక చేసి చూడవలసిందే. నాకైతే ఇంతకంటే ఇష్టమైన ప్రయోగం లేదు.

బజారుకి మాత్రం రంగుంటే చాలు. ఫారం తెల్లగుడ్డుని టీ డికాక్షన్‌లో ముంచి నాటుగుడ్డు ధరకి అంటగడుతున్నారు. పెంకు రంగుతో పోషకాలేమీ పెరగవు, ఆ అదనపు డబ్బు దండగ. అనుమానముంటే చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెట్టండి: ప్రోటోపార్ఫిరిన్ ఎర్రగా వెలుగుతుంది, టీ మరక వెలగదు.