పచ్చికపై అల్లుకున్న ‘తీగల’

ఎవరూ చూడలేదు. ఊరుకుంటే సరిపోయేది!

2024 ఆగస్టు 31. అట్లాంటాలోని ఈస్ట్‌లేక్‌ మైదానం. టూర్‌ ఛాంపియన్‌షిప్‌ మూడోరోజు ఆట. మూడో హోల్‌ దగ్గర బంతి ఇసుక గుంటలో పడింది. కొట్టడానికి కర్రను వెనక్కి లాగినప్పుడు కాసిని ఇసుక రేణువులు కదిలినట్టు అనిపించిందతనికి. గోల్ఫ్‌ నిబంధనల ప్రకారం అది తప్పు. వెంటనే తోటి ఆటగాడికి చెప్పాడు. అధికారిని పిలిచి మరీ చెప్పాడు. రెండు షాట్ల జరిమానా పడింది.

ఆ రెండు షాట్ల ఖరీదెంతో తెలుసా? చివరికి అతను మూడోస్థానంలో నిలిచి 75 లక్షల డాలర్లు అందుకున్నాడు. ఆ జరిమానా లేకపోతే లెక్కప్రకారం రెండోస్థానాన్ని మరొకరితో పంచుకునేవాడు. వాటాకి కోటి డాలర్లు వచ్చేవి. తేడా 25 లక్షల డాలర్లు... అప్పటి మారకంలో దాదాపు 21 కోట్ల రూపాయలు!

అతని పేరు తీగల సాహిత్‌. అమెరికా వ్యాఖ్యాతల నోట ‘థిగాలా’ అయిపోయాడు కానీ, అచ్చంగా మన తెలుగింటి పేరే. అమ్మానాన్నలు కరుణ, మురళీధర్‌లది హైదరాబాద్‌.

మన పామర్రు సెంటర్లో గోల్ఫ్‌ సంగతెత్తితే ‘అది డబ్బున్నోళ్ల ఆటండీ’ అనేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. పద్దెనిమిది హోళ్ల మైదానానికి తక్కువలో తక్కువ నూరెకరాలైనా కావాలి. వరి కోయకముందే మినుములు చల్లే కృష్ణా డెల్టాలో ఆట కోసం అంత నేల వదిలేదెవరు? ఇక్కడి పిల్లలకు దక్కేది బడి ఆవరణే. కానీ సాహిత్‌ కూడా ఖరీదైన క్లబ్బుల్లో పెరిగిన బిడ్డేం కాదు. 1980ల్లో పైచదువుకని అమెరికా వెళ్లిన మురళీధర్‌కు ఆటలంటే ప్రాణం. టీవీలో టైగర్‌ వుడ్స్‌ ఆడుతుంటే కళ్లార్పేవాడు కాదు. పక్కనే కూర్చున్న బుడతడు టైగర్‌లాగే చేతులు ఊపడం మొదలెట్టాడు. అలా మొదలైంది కథ.

సాహిత్‌ 1997 డిసెంబరు 4న కాలిఫోర్నియాలో పుట్టాడు. పెరిగింది చినోహిల్స్‌లో. దగ్గర్లోని ఎల్‌ ప్రాడో అనే మైదానంలో సాధన. రుసుం కట్టి ఎవరైనా ఆడుకోగలిగే చోటది. వెన్నెముకలో చిన్న వంపు ఉండటంతో అతను కర్ర ఊపే తీరే వేరుగా ఉంటుంది. పుస్తకంలో బొమ్మలా ఉండదు. దాన్ని సరిచేయాలని పట్టుబట్టకుండా పిల్లాడికి వచ్చిన పద్ధతిలోనే ఎదగనిచ్చారు. నన్నడిగితే అమ్మానాన్నలు, శిక్షకుడు చేసిన మంచిపని అదే.

2015లో పెపర్‌డైన్‌ విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటికి అతను అమెచ్యూర్‌. అంటే గెలిస్తే కప్పు తెచ్చుకోవచ్చు, ప్రొఫెషనల్స్‌లా ప్రైజ్‌మనీ తీసుకోకూడదు. 2017లో అర్హతపోటీలు నెగ్గి యూఎస్‌ ఓపెన్‌లో ఆడాడు. పందొమ్మిదేళ్ల కుర్రాడు, పక్కన ప్రపంచస్థాయి ఆటగాళ్లు! ఇక తిరుగులేదనుకున్నారంతా.

సరిగ్గా అప్పుడే మణికట్టు మొండికేసింది. శస్త్రచికిత్స తప్పలేదు. 2018-19 సీజన్‌ మొత్తం ఆట బంద్‌. తోటివాళ్లు ముందుకెళ్లిపోతుంటే చేతికి కట్టుతో చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించండి. గోల్ఫర్‌కు మణికట్టంటే వైణికుడికి వేళ్ల లాంటిది.

తిరిగొచ్చాక అతను ఆడిన ఆట మాత్రం ముందు ఆడినదానికంటే పదునుగా ఉంది. 2020 మార్చి నాటికి పెపర్‌డైన్‌ జట్టు దేశంలోనే నంబర్‌వన్‌. జాతీయ టైటిల్‌ చేతికందేలా ఉంది. అంతలో కరోనా! పోటీలన్నీ రద్దు. మరుసటి ఏడాది పెపర్‌డైన్‌ ఆ టైటిల్‌ గెలిచింది కానీ, అప్పటికి సాహిత్‌ జట్టులో లేడు. అయితే కాలేజీ గోల్ఫ్‌లో గొప్పవిగా చెప్పుకునే హాస్కిన్స్‌, బెన్‌ హోగన్‌, జాక్‌ నిక్లాస్‌ అవార్డులు మూడూ 2020లో అతనికే వచ్చాయి.

ఆ ఏడాదే ప్రొఫెషనల్‌గా మారాడు. దిగువస్థాయి టూర్‌లో కొన్నాళ్లు నలిగి, 2021-22 సీజన్లో పీజీఏ టూర్‌ మెట్టెక్కాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌ ఓపెన్‌ చివరిరోజు గెలుపు ముంగిట ఉండగా పదిహేడో హోల్‌ వద్ద కొట్టిన బంతి ఎగిరి నీళ్లలో పడింది. ఒక్క షాట్‌ తేడాతో ప్లేఆఫ్‌ తప్పిపోయింది. మైదానం పక్కన తండ్రిని పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్న ఆ కుర్రాణ్ని టీవీలో చూసి, గోల్ఫ్‌ ఓనమాలు తెలియనివాళ్లు కూడా అభిమానులైపోయారు. నాలుగునెలలకే ట్రావెలర్స్‌ టోర్నీలో ఆఖరి హోల్‌ దగ్గర ఆధిక్యంలో ఉండి మళ్లీ చేజార్చుకున్నాడు. అక్కడా ఇసుక గుంటే కొంపముంచింది.

ఎదురుచూపులు ఫలించింది 2023 సెప్టెంబరు 17న. కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్‌ ఛాంపియన్‌షిప్‌ గెలిచాడు, రెండు షాట్ల తేడాతో. చూడటానికి అమ్మానాన్నలతోపాటు బంధువులూ తరలివచ్చారు. ఆ ఏడాదే ఏప్రిల్లో తొలిసారి ఆడిన మాస్టర్స్‌లో తొమ్మిదో స్థానంలో నిలిచాడు.

ఇక ఈస్ట్‌లేక్‌లో రెండు షాట్లు వదులుకున్న నెల తిరక్కుండానే మాంట్రియల్‌లో ప్రెసిడెంట్స్‌ కప్‌ మొదలైంది. అమెరికా జట్టు పన్నెండుమందిలో తీగల వారబ్బాయి ఒకడు. కప్పు అమెరికాదే.