కారులోని చల్లనిగాలి – దాని శుభ్రత

లాలాగూడలోని రైలుపెట్టెల కర్మాగారము 1893వ సంవత్సరమున, నిజాము రైల్వే కాలమున ఏర్పడినది. నేడది దక్షిణమధ్య రైల్వేకు చెందియున్నది. నియమితకాలమున వచ్చు పెట్టెలను పరీక్షించి బాగుచేయుట దాని పని. ఈ కాలపు ఎల్.హెచ్.బి. ఏ.సీ. పెట్టెలకు కప్పుమీద రెండుకొనలను చల్లదనపు యంత్రములుండును. వాని గాలిజల్లెడలు, చుట్టల సందులు, నీరుపోవు త్రోవలు శుభ్రముగా నుండకున్న ప్రయాణికులకు సుఖము లేదు. పదులకొలది జనులెక్కు పెట్టెకు వలసిన యీ యుపచారము మన యింటి కారునకును వలసినదే.

సోదరీమణులారా! కుండలోని నీరు చల్లబడు కారణము మీరెరిగినదే. వెలుపల చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని వేడిని కొనిపోవును. కారులోని ఎవాపొరేటరు పనియు నిట్టిదే. దీనిని మెకానిక్కులు కూలింగు కాయిలందురు. ఇది డ్యాష్‌బోర్డు వెనుక దాగియుండును. అల్యూమినియపు గొట్టములు, వాని నడుమ కాగితమువలె పలుచని రేకులు దీని స్వరూపము. పెక్కు కార్లలో వాడు ఆర్-134ఏ యను ద్రవము సాధారణ వాయుపీడనమున మైనస్ 26 డిగ్రీల సెంటీగ్రేడునకే మరుగును. గొట్టములలో నది ఆవిరియగుచు రేకుల వేడిని గ్రహించును. వానిమీదుగా వచ్చుగాలి చల్లబడును. గాలిలోని తేమ నీరై సన్నని గొట్టముద్వారా కారుక్రిందికి పోవును.

తడియు దుమ్మును కలిసినచోట పాచిపట్టునని నిత్యము బిందెలు తోము మనకు వేరుగ చెప్పనేల? ఎవాపొరేటరుమీదను బూజు పెరుగును. ఏ.సీ. వేయగనే ముక్కవాసన వచ్చుట దాని మొదటి గుర్తు. అత్తరుసీసా వ్రేలాడదీసిన వాసన మరుగుపడునే గాని బూజు పోదు. ఆ బూజురేణువులు గాలితో వెడలి, ఉబ్బసముగల పిల్లలకును వృద్ధులకును ఆయాసము కలిగింపవచ్చును.

గాలి మందగించుట రెండవ గుర్తు. జల్లెడ మూసికొనిపోయిన గాలి చాలక, చుట్టమీది నీరు మంచుగా గడ్డకట్టి, ఉన్నత్రోవయు మూయును. కాళ్లకడ పరచిన చాప తడియుట మూడవ గుర్తు. నీటిగొట్టము పూడినపుడు సాధారణముగా నిట్లగును. ఉక్కబోతదినమున ఏ.సీ. చాలసేపు నడచినను కారుక్రింద చుక్కయైన పడకున్నచో ఆ గొట్టమును చూపించుకొనుడు.

ఇంటివారు చేయదగిన పనులు సులభములు. ఇల్లు చేరుటకు ఐదునిమిషములు ముందుగా ఏ.సీ. ఆపి ఫ్యాను మాత్రము నడపినచో చుట్ట కొంత ఆరును. పెక్కు కార్లలో గాలిజల్లెడ ఎదుటి అరపెట్టె వెనుక నుండును; కారుతో వచ్చిన పుస్తకము ననుసరించి దానిని మార్చుడు. దుమ్ముత్రోవల తిరుగు కార్లకు త్వరగా మార్చవలెను. ముందద్దము క్రింది గాలిద్వారమున చేరిన రాలుటాకులను ఏరివేయుడు.

చుట్టను కడుగుటకు దానికై చేసిన నురుగుమందునే వాడవలెను. ఆమ్లముగాని బట్టలసోడాగాని అల్యూమినియమును తినివేయును. గట్టిబ్రష్షు రేకులను వంచును. గొట్టములను మాత్రము విప్పబూనరాదు. లోని ద్రవము పైబడిన చర్మమును గడ్డకట్టించి గాయపరచును. ఆ పని నేర్చిన మెకానిక్కునకే విడువవలెను.

త్రాగునీటి శుద్ధివిషయమున మనము చూపు శ్రద్ధలో కొంతయైన, తలుపులు మూసిన కారులో బిడ్డలు పీల్చుగాలి విషయమున చూపుట యుక్తము.