ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ - రైల్వే ట్రాక్ సర్క్యూట్: తులనాత్మక వివరణ

వ్యాససంగ్రహం:
ట్రాన్సిస్టర్ ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ పనితీరును రైల్వే ట్రాక్ సర్క్యూట్‌తో పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకే తీగను పలు పరికరాలు పంచుకోవడానికీ, లోపం ఏర్పడినప్పుడు భద్రత నిలవడానికీ మధ్యగల వైరుధ్యాన్ని ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: ట్రాన్సిస్టర్, ఓపెన్ కలెక్టర్, పుల్-అప్ రెసిస్టర్, ట్రాక్ సర్క్యూట్, భద్రత.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గంలో ఉంది. రైలుమార్గంలో ఒక భాగంపై రైలు ఉన్నదో లేదో గుర్తించే పద్ధతులలో ట్రాక్ సర్క్యూట్ ఒకటి. 1872లో విలియం రాబిన్సన్ అమెరికాలో పేటెంట్ పొందిన ఈ పద్ధతి, ఓపెన్ కలెక్టర్ సూత్రాన్ని అవగాహన చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది.

2. ఓపెన్ కలెక్టర్ పనితీరు:
ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్, బేస్, కలెక్టర్ అనే మూడు కొనలుంటాయి. ఇందులో ఎమిటర్‌ను గ్రౌండ్‌కు కలిపి, కలెక్టర్‌ను చిప్ లోపల సరఫరాకు కలపకుండా బయటికి విడిచిపెడతారు. కాబట్టి 'ఓపెన్' అనే మాటకు ఇక్కడ 'తెరచినది' అని కాక 'జతచేయక విడిచినది' అని అర్థం చెప్పుకోవాలి. బేస్‌కు తగిన విద్యుత్తు అందితే ట్రాన్సిస్టర్ తీగను గ్రౌండ్ వైపు లాగుతుంది, అందకపోతే వదిలేస్తుంది. తీగ వోల్టేజీని పెంచే పని బయటనున్న పుల్-అప్ రెసిస్టర్‌ది. 5 వోల్టుల సరఫరాకు 4.7 కిలో ఓముల రెసిస్టర్‌ను వాడితే, ట్రాన్సిస్టర్ లాగినప్పుడు సుమారు 1 మిల్లీ ఆంపియర్ ప్రవహిస్తుంది.

ఈ పరిమితి వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, 5 వోల్టులతో పనిచేసే 7406 చిప్ 30 వోల్టుల వరకు గల తీగను నియంత్రించగలదు. రెండవది, పలు పరికరాలను ఒకే తీగకు కలపవచ్చు. ఏ ఒక్కటి లాగినా తీగ వోల్టేజీ పడిపోతుంది.

3. ట్రాక్ సర్క్యూట్‌తో పోలిక:
పట్టాలకు ఒక కొన బ్యాటరీ, రెసిస్టర్; మరో కొన రిలే ఉంటాయి. మార్గం ఖాళీగా ఉంటే రిలేకు విద్యుత్తు అందుతుంది. రైలు వస్తే దాని ఇరుసులు రెండు పట్టాలను కలిపివేయడంతో రిలే పడిపోతుంది. ఇరుసు ఒక్కటైనా, వందైనా ఫలితం అదే. ఇక్కడ ఇరుసు చేసే పనినే అక్కడ ట్రాన్సిస్టర్ చేస్తుంది.

4. భద్రత దృష్ట్యా భేదం:
బ్యాటరీ అయిపోయినా, రిలేకు వెళ్ళే తీగ తెగినా రిలే పడిపోయి 'ప్రమాదం' అనే సూచననే ఇస్తుంది. ఓపెన్ కలెక్టర్ తీగను కిందికి లాగి ప్రమాదాన్ని తెలిపే ఏర్పాటులో ఇది తలకిందులవుతుంది. పరికరానికి సరఫరా ఆగినా, తీగ తెగినా పుల్-అప్ రెసిస్టర్ తీగను పైస్థితిలోనే ఉంచుతుంది. అంటే పాడైన పరికరం 'అంతా క్షేమం' అన్నట్లే కనిపిస్తుంది.

క్షేమంగా ఉన్నంతకాలం తీగను లాగి ఉంచి, ప్రమాదంలో వదిలేసేలా అమరిస్తే ఈ లోపం తీరుతుంది. కానీ అప్పుడు తీగను పంచుకోవడం కుదరదు. ఒక్క పరికరం క్షేమంగా ఉన్నా తీగను కిందనే పట్టి ఉంచి, మిగిలినవాటి ప్రమాదాన్ని మరుగుపరుస్తుంది. కనుక పరికరానికొక తీగ అవసరమవుతుంది.

5. ముగింపు:
ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ తీగను లాగగలదు, వదలగలదు, అంతకుమించి చేయలేదు. వదలడం క్షేమానికి గుర్తా, ప్రమాదానికి గుర్తా అన్నది రూపకర్త నిర్ణయం. ప్రాణరక్షణతో ముడిపడిన చోట తీగల పొదుపు కన్నా ఆ నిర్ణయమే ముఖ్యమని ట్రాక్ సర్క్యూట్‌తో పోల్చినప్పుడు స్పష్టమవుతున్నది.