మాను ఎక్కిన అర్జునుడు, అడవికి వెళ్లిన ముసలివాడు

బతుకుకి అర్థమేమిటన్న ప్రశ్న చదువుకున్నవాళ్లదనీ, తిండికి లోటులేనివాళ్లదనీ మన సాహిత్య చర్చల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఆ ప్రశ్న రాగానే 1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన శామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ను తలుచుకుంటారు. ఎంతకీ రాని మనిషి కోసం ఇద్దరు ఎదురుచూడటమే అందులో కథ. రెండు ప్రపంచ యుద్ధాలతో చితికిపోయిన యూరప్‌లో అలాంటి నాటకం పుట్టడం సహజమే. అయితే యుద్ధం ముగిశాక మనిషికి ఏం మిగులుతుందని అడగడానికి చిత్తూరు సీమ పల్లెలకు బెకెట్ అవసరం రాలేదు. అవి ఆ ప్రశ్నను ఏటా వేసవిలో భారతం పేరుతో ఊరి నడుమ ఆడుకుంటూనే ఉన్నాయి. ఆ భారత నాటకాన్నీ, ఈ నేల నుంచే వచ్చిన ఆధునిక నవలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే దిక్కు చూపిస్తాయి: మనిషి బతుక్కి అర్థం అతనికి దక్కిన ఫలితంలో కంటే అతను నెత్తికెత్తుకున్న బాధ్యతలో ఎక్కువగా ఉంటుంది.

ముందు భారతం సంగతి. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు, కుప్పం చుట్టుపక్కల చాలా ఊళ్లలో ధర్మరాజుల గుడి కనిపిస్తుంది. ద్రౌపదీదేవి, పాండవులు అక్కడి దేవుళ్లు. సరిహద్దు దాటితే తమిళనాడులోని ఆర్కాటు ప్రాంతంలోనూ ఇదే సంప్రదాయం ద్రౌపది అమ్మన్ కొలువుగా, తెరుక్కూత్తు అనే వీధినాటకంగా కనిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు ఈ చిత్తూరు సీమలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే కాబట్టి ఈ పోలికలో వింత లేదు. ఉత్సవాలు చాలాచోట్ల పద్దెనిమిది రోజులు సాగుతాయి. పగలు హరికథగా భారతం చెబుతారు, రాత్రి తెల్లవారేదాకా నాటకం ఆడతారు. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు వేషధారి పద్యాలు పాడుతూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన భారీ మట్టి దుర్యోధనుడి చుట్టూ గదాయుద్ధం జరుగుతుంది, భీముడు తొడ విరగ్గొడతాడు, ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. సాయంత్రం భక్తులు అగ్నిగుండం తొక్కుతారు.

ఈ క్రమాన్ని కాస్త నిదానంగా చూడాలి. పగ తీరింది, శపథం నెరవేరింది. మామూలు కథ అయితే అక్కడితో మంగళం పాడేయవచ్చు. ఇక్కడ మాత్రం దుర్యోధనుడు పడ్డాక జనం నిప్పుల వైపు నడుస్తారు. గెలుపు ఒక ముగింపు కాదని భారత కథకూ తెలుసు. అభిమన్యుడు అప్పటికే పోయాడు. దుర్యోధనుడు కూలిన రాత్రే ద్రౌపది కన్న ఐదుగురు కొడుకులనూ అశ్వత్థామ చంపేస్తాడు. కర్ణుడు తన అన్నేనని తెలిసిన ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. ఎందుకోసం ఇదంతా చేశామన్న ప్రశ్న ఇంత పచ్చిగా ఎదురయ్యే సన్నివేశం ప్రపంచ సాహిత్యంలోనే అరుదు. గుడి ఎవరి పేరున కట్టారన్నది కూడా ఆలోచించదగ్గదే. గురి తప్పని అర్జునుడి పేరునో, బలశాలి భీముడి పేరునో కాదు. జూదంలో అంతా పోగొట్టుకుని, గెలిచాక కూడా ఏడ్చినవాడి పేరున కట్టారు. అతను పణంగా పెట్టిన భార్యను అమ్మవారిగా నిలిపారు. అంత నష్టం తర్వాత కూడా ధర్మరాజు సింహాసనం ఎక్కింది సుఖం కోసం కాదు, బతికి ఉన్నవాళ్లను చూసుకోవాలి కనుక.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. జనం భారతానికి వెళ్లేది తత్త్వం కోసం కాదు, మొక్కు కోసం కదా? తపస్సు మాను కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో వరం కోసం సాగిలపడతారు, పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయలూ పళ్లూ ప్రసాదంగా పట్టుకుంటారు. కోరిక తీరడమే వాళ్లకు ముఖ్యం. ఈ మాటలో నిజముంది. అంతకంటే కటువైన నిజం కూడా ఉంది: పిల్లలు లేకపోవడాన్ని ఆడదాని లోపంగా చూసే సమాజాన్ని ఆ నాటకం ప్రశ్నించదు, ఆమె బాధను ఓదారుస్తుంది, అంతే. అయినా మొక్కుకూ అర్థాన్వేషణకూ మధ్య అంత పెద్ద గోడ లేదు. ఇంట్లో ఒంటరిగా మోసే బాధను ఆమె ఊరందరి ఎదుటకు తెచ్చి, ఒక పురాణ పురుషుడి పట్టుదలతో ముడివేస్తోంది. వరం దక్కినా దక్కకపోయినా ఆ బాధ ఇక ఆమె ఒక్కదానిదే కాదు. నాటకం చేయగలిగింది అంతవరకే.

అక్కడినుంచి ముందుకు వెళ్లింది నవల. చిత్తూరు జిల్లాలో పుట్టి, వైద్యుడై, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠురోగులకు సేవ చేసిన డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) రాసిన ‘అతడు అడవిని జయించాడు’ అందుకు మంచి ఉదాహరణ. పందుల్ని మేపుకుని బతికే ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందతో తిరిగి రాలేదని బల్లెం పట్టుకుని అడవికి పోతాడు. అక్కడ నక్కలతో పోరాటం. పిల్లల్ని కాపాడుకునే ఆ తల్లిపంది పెంచినవాణ్ని కూడా దగ్గరికి రానివ్వదు. భారతంలోనూ అర్జునుడు తపస్సు చేసే అడవిలోకి ఒక పంది వస్తుంది. దాన్ని ఎవరు కొట్టారన్న తగవులో కిరాతుడి వేషంలో ఉన్న శివుడితో పోరాడి అతను పాశుపతం సంపాదిస్తాడు. రచయిత మనసులో ఈ పోలిక ఉందా లేదా అన్నది వేరే సంగతి. పాఠకుడికి మాత్రం తేడా స్పష్టం. ముసలివాడి అడవిలో ఏ దేవుడూ వేషం విప్పి వరమివ్వడు, చూసి మెచ్చే జనమూ లేరు. అయినా అతను వెనుదిరిగి ఇంటికి పోడు.

ఈ నవల హెమింగ్వే 1952లో అచ్చువేసిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’కి తెలుగు నీడ అనేవాళ్లున్నారు. ముసలివాడు, ప్రకృతి, ఒంటరి పోరాటం రెండింటిలోనూ ఉన్నమాట నిజం. కానీ క్యూబా జాలరి వేటకు వెళ్లాడు, తన సత్తా ఇంకా చావలేదని తనకే రుజువు చేసుకోవాలి. మన ముసలివాడు వెళ్లింది కాపాడటానికి. అతనికి ఎదురు తిరిగింది కూడా అతను చేతులారా పెంచిన జీవమే. ఒక కథలో అర్థం శౌర్యంలో ఉంటే, రెండోదానిలో సాకిన రుణంలో ఉంది. ఆ తేడా వల్లే కేశవరెడ్డి నవల ఈ నేలది అయింది.

చివరి అభ్యంతరమే అన్నిటికంటే బరువైనది. ఫలితం దక్కకపోయినా బాధ్యత మోయడమే అర్థమంటే, వానలు లేని సీమలో ఏటా వేరుశెనగ వేసి నష్టపోయే రైతును అలాగే ఉండమని చెప్పినట్టు కాదా? పేదరికానికి తత్త్వం పూసినట్టు కాదా? దీనికి జవాబు కూడా కేశవరెడ్డే ఇచ్చాడు. ‘మూగవాని పిల్లనగ్రోవి’లో భూమి చేజారిన బక్కిరెడ్డికి బతుకే చేజారుతుంది. అంటే బాధ్యత గాలిలో నిలబడదు, దానికి కాళ్లకింద నేల కావాలి. నామిని సుబ్రమణ్యం నాయుడు ‘మునికన్నడి సేద్యం’ చదివినా సేద్యం పవిత్రమన్న మాటలు సేద్యగాడి కడుపు నింపవని తెలుస్తుంది. అర్థం మనిషి సృష్టించుకుంటాడు, నిజమే. దాన్ని సృష్టించుకునే సాధనాలు లాక్కుని, ఓర్పు గురించి అతనికి పాఠాలు చెప్పడం మోసం. మంచి సాహిత్యం ఈ రెండు మాటలూ ఒకేసారి చెబుతుంది.

భారతాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేసేవారూ, కేశవరెడ్డిని వాస్తవికవాదిగా మాత్రమే లెక్కగట్టేవారూ ఈ సీమ ఆలోచనలో సగమే చూస్తున్నారు. వచ్చే వేసవిలో భారతం ఆడే ఊరికి వెళ్లేవారు తపస్సు మాను చూసి వెనక్కి రాకుండా దుర్యోధన వధ దాకా ఉండండి. ఇంటికి వచ్చాక ‘అతడు అడవిని జయించాడు’ చదవండి. బతుకు దేనికన్న ప్రశ్నకు జవాబు కోసం మనవాళ్లు పరాయి దేశాల వైపే చూడాల్సిన అవసరం లేదని మీకే తెలుస్తుంది.