మండే ఆక్రిలేట్, మండు వేసవి

బ్యుటైల్ ఆక్రిలేట్ రంగులేని పలుచని ద్రవం. ఘాటైన పండు వాసన దానిది. 147 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, నీటి మీద తేలుతుంది, నీటిలో దాదాపుగా కరగదు. గోడలకు వేసే ఎమల్షన్ రంగులకు, టేపుల మీది జిగురుకు, బట్ట మీద అద్దకాన్ని పట్టి ఉంచే బైండర్లకు ముడిసరుకు ఇదీ, ఇదే కుటుంబంలోని మిథైల్, ఇథైల్ ఆక్రిలేట్లూ. ఈ సరుకు కోసం దేశం చాలాకాలం దిగుమతుల మీదే ఆధారపడింది. 2021 ఫిబ్రవరిలో కొచ్చిలో భారత్ పెట్రోలియం సంస్థ ఆక్రిలేట్ల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశాక ఇక్కడా పెద్ద ఎత్తున తయారీ మొదలైంది.

తయారైన ఆక్రిలిక్ రంగు వేరు, దాని ముడిసరుకు వేరు. రంగులో ఆక్రిలేట్ అణువులు అప్పటికే ఒకదానికొకటి అతుక్కుని స్థిరపడి ఉంటాయి. ముడిసరుకులోని విడి అణువులకు, అంటే మోనోమర్‌కు, ఆ స్థిరత్వం లేదు. ఈ వ్యాసం మోనోమర్ గురించే.

ద్రవం మీద చేరిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. మిథైల్ ఆక్రిలేట్‌కు అది సున్నాకు 3 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఇథైల్‌కు సుమారు 9 డిగ్రీలు. బ్యుటైల్‌కు, కొలిచే పద్ధతిని బట్టి, 36 నుంచి 39 డిగ్రీలు. ఈ అంకెలు చూసి బ్యుటైల్‌ను నెమ్మదస్తురాలిగా లెక్కగట్టడం జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లో పెద్ద పొరపాటు. అక్కడ వేసవి పగళ్లు తరచూ 40 డిగ్రీలు దాటుతాయి. ఎండలో నిలబెట్టిన డ్రమ్ము అంతకన్నా వేడెక్కుతుంది. జనవరిలో అగ్గిపుల్లకు సులభంగా అంటుకోని ద్రవమే మే నెల మధ్యాహ్నానికి మండటానికి సిద్ధంగా ఉన్న ఆవిరిని పైకి వదులుతూ ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లు చేరితే చాలు, పేలుడు మిశ్రమం తయారైనట్టే. పైగా ఆవిరి గాలికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. నేలబారుగా పాకి, మురుగు కాలువల్లో దిగి, ఎక్కడో దూరాన వెల్డింగ్ జరుగుతున్న చోట అంటుకుని, మంటను మళ్లీ ట్యాంకు దాకా తెచ్చుకోగలదు.

పెట్రోలుకూ ఇలాంటి గుణాలు ఉన్నాయి. ఆక్రిలేట్‌ను దానికన్నా జాగ్రత్తగా చూడవలసిన కారణం మరొకటి ఉంది. పెట్రోలుకు బయటి నిప్పు కావాలి, ఆక్రిలేట్ తన వేడిని తానే పుట్టించుకోగలదు. ప్రతి అణువులోనూ ఒక జంట బంధం ఉంటుంది. అది తెరుచుకుంటే పక్క అణువును పట్టుకుంటుంది, ఆ అణువు మరొకదాన్ని. ఇదే పాలిమరీకరణ. ఒక కిలో బ్యుటైల్ ఆక్రిలేట్ పూర్తిగా పాలిమర్‌గా మారితే దాదాపు 600 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే ద్రవాన్ని మరిగే స్థానం దాటించడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. వేడెక్కేకొద్దీ చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. చిన్న సీసాకు చల్లబడే వీలుంది. పెద్ద ట్యాంకు నడిమధ్యలో పుట్టిన వేడి గోడ దాకా చేరడానికే చాలాసేపు పడుతుంది.

ఈ చర్యను ఆపి ఉంచేది నిరోధకం. ఆక్రిలేట్లలో సాధారణంగా కలిపేది హైడ్రోక్వినోన్ మోనోమిథైల్ ఈథర్, పరిశ్రమలో వాడుక పేరు ఎమ్‌ఈహెచ్‌క్యూ. దాని మోతాదు పది లక్షల పాళ్లకు 10 నుంచి 20 పాళ్లు. 15 పాళ్ల లెక్కన 10 టన్నుల ట్యాంకరులో ఉండేది 150 గ్రాములు. అంత సరుకూ ఆ గుప్పెడు పొడి అదుపులో ఉంటుంది. అదీ శాశ్వతం కాదు. రోజులు గడిచేకొద్దీ ఖర్చవుతుంది, ఎండకాలంలో మరింత త్వరగా ఖర్చవుతుంది. నిల్వ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించకూడదన్న నియమం ఇందుకే. నిరోధకం ఎంత మిగిలిందో వారాల తరబడి కొలవకుండా వదిలేసిన ట్యాంకును నమ్మడానికి వీల్లేదు.

ఎమ్‌ఈహెచ్‌క్యూ ఒంటరిగా పనిచేయదు, ద్రవంలో కరిగి ఉన్న ఆక్సిజన్ దానికి తోడుండాలి. జంషెడ్‌పూర్ వంటి మోటారు వాహనాల ఊళ్లో దీనికి రుజువు మెకానిక్కుల చేతిలోనే ఉంటుంది. బోల్టు వదులు కాకుండా మరల మీద వేసే లాకింగ్ ద్రవం ఆక్రిలేట్ల దగ్గరి చుట్టమైన మెథాక్రిలేట్‌తో చేసినది. గాలి తగులుతున్నంతసేపూ అది ద్రవంగానే ఉంటుంది. నట్టు బిగించి గాలి అందకుండా చేస్తే గట్టిపడుతుంది. అందుకే ఆ సీసాను నిండా నింపరు, పైన గాలికి చోటు వదులుతారు. సీసాలో జరిగేదే ట్యాంకులోనూ జరుగుతుంది. మండే ద్రవాల మీద స్వచ్ఛమైన నైట్రోజన్ నింపడం రసాయన కర్మాగారాల్లో మంచి అలవాటు. ఆక్రిలేట్ విషయంలో ఆ మంచి అలవాటే ప్రమాదం, ఎందుకంటే ఆక్సిజన్ పోయిన మరుక్షణం నిరోధకం నిరుపయోగం. ఫ్లాష్ పాయింట్‌కు పైన నిల్వ చేయక తప్పని చోట 5 నుంచి 8 శాతం ఆక్సిజన్ ఉన్న వాయు మిశ్రమాన్ని వాడతారు. నిరోధకానికి అది చాలు, మంటకు చాలదు.

ఇంకో చిక్కు ఆవిరి గొట్టాల్లో ఉంది. ఎమ్‌ఈహెచ్‌క్యూ ఆవిరితోపాటు పైకి లేవదు. కాబట్టి ట్యాంకు కప్పు కింద, గాలి గొట్టంలో, మంటను ఆపే జాలీ మీద చల్లబడి చేరే చుక్కల్లో నిరోధకం ఉండదు. అవి అక్కడే గట్టిపడి దారి మూసేస్తాయి. ఒత్తిడి పెరిగినప్పుడు తెరుచుకోవలసిన దారి అప్పటికే పూడిపోయి ఉంటుంది. ముందున్న వాల్వు మూసి ఉండగా తిరిగే పంపు కూడా ఇంతే ప్రమాదకరం, లోపల చిక్కిన కొద్దిపాటి ద్రవం వేడెక్కి చర్య మొదలవుతుంది.

ఈ విషయాలన్నీ తెలుగువాళ్లకు 2020 మే 7న విశాఖపట్నంలో అనుభవానికి వచ్చాయి. తెల్లవారుజామున సుమారు 3 గంటలకు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న ఇళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ ఆక్రిలేట్ కాదు. అయినా తనంతట తాను పాలిమర్‌గా మారే స్వభావం, నిరోధకం మీద ఆధారపడటం రెండిటికీ ఒకటే. లాక్‌డౌన్ వల్ల సరుకు కదలకుండా నిలిచిపోయింది. నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో నిరోధకం కొరత, చల్లబరిచే ఏర్పాటు నిరంతరం నడవకపోవడం, ద్రవం సరిగా కలయతిరగకపోవడం ఉన్నాయి. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉండటంతో పైపొర ఎంత కాగిందో ఎవరికీ కనపడలేదు. 2012 సెప్టెంబరు 29న జపాన్‌లోని హిమేజీలో నిప్పన్ షొకుబాయి కర్మాగారంలో పేలిన ఆక్రిలిక్ ఆమ్లపు ట్యాంకులోనూ చల్లదనం పైభాగానికి చేరలేదు. అక్కడ ఒక అగ్నిమాపక ఉద్యోగి ప్రాణం పోయింది, 36 మంది గాయపడ్డారు. కనుక ట్యాంకులో పైన, మధ్య, అడుగున వేరువేరుగా ఉష్ణోగ్రత కొలవాలి. కర్మాగారం మూతపడిన రోజుల్లో కూడా ఆ కొలత ఆగకూడదు.

మనిషి ఒంటికి వస్తే, ఆక్రిలేట్ ఆవిరి కళ్లను, ముక్కును, గొంతును మండిస్తుంది. ద్రవం చర్మానికి తగులుతూ ఉంటే కొందరిలో అలెర్జీ మొదలవుతుంది. ఒకసారి వచ్చాక తర్వాత కొద్దిపాటి తాకిడికే దద్దుర్లు లేస్తాయి. మిథైల్, ఇథైల్ ఆక్రిలేట్లను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. వాసన చాలా తక్కువ మోతాదులోనే తెలుస్తుంది, అది మేలే. కానీ ముక్కు ఆ వాసనకు త్వరగా అలవాటుపడుతుంది, అందుకే దాన్ని కొలమానంగా తీసుకోకూడదు. పలుచని చేతి తొడుగుల్లోంచి ఆక్రిలేట్ నిమిషాల్లో ఇంకిపోతుంది, బ్యుటైల్ రబ్బరు తొడుగులు మేలు. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడగాలి. తడిసిన బట్టలు, చెప్పులు వెంటనే తీసేయాలి.

ట్యాంకరు నుంచి దించేటప్పుడు రెండు పాత్రలనూ తీగతో కలిపి ఎర్తింగ్ చేయాలి, ద్రవాన్ని ఎత్తు నుంచి చిమ్మకుండా అడుగు నుంచి నింపాలి. లేకపోతే స్థిరవిద్యుత్తు రవ్వే సరిపోతుంది. రోడ్డు మీద బ్యుటైల్ ఆక్రిలేట్ ట్యాంకరును దాని మీద రాసి ఉండే 2348 అనే ఐక్యరాజ్యసమితి సంఖ్యను బట్టి గుర్తించవచ్చు. మంటలు లేస్తే నురగ, పొడి రసాయనం వాడాలి. నీటిధార కొడితే పైన తేలే ద్రవం మంటతో సహా పరుచుకుంటుంది. నీరు ట్యాంకు గోడలను చల్లబరచడానికి. ఆ నీటిని కట్ట కట్టి ఆపడం జంషెడ్‌పూర్‌లో, పక్కనున్న ఆదిత్యపూర్‌లో మరీ అవసరం, ఎందుకంటే అక్కడి కాలువలు చేరేది ఖర్కాయి, సువర్ణరేఖ నదుల్లోకి. ఆక్రిలేట్లు చేపలకు విషం. నిప్పు లేకుండానే ట్యాంకు ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంటే మాత్రం, తొలి గంటల్లో నిరోధకం చేర్చి కలపగలిగితే సరే, ఆ దశ దాటితే మనుషులను దూరంగా తరలించడమే పని.

ఖాళీ చేసిన డ్రమ్ములో ద్రవం పోయినా ఆవిరి ఉంటుంది. శుభ్రం చేయకుండా దానికి కట్టర్ పెట్టకూడదు, వెల్డింగ్ చేయకూడదు. ఎంత కడిగినా ఇంట్లో నీళ్లు పట్టుకోవడానికి దాన్ని వాడకూడదు.